విరగని కాలు

జూన్ 4

ఒరేయ్ మేస్త్రీ,

బతికింది! ముందు ఆ మాట చదివి, కూర్చుని, మంచినీళ్లు తాగి, ఆ తర్వాత మిగతాది చదువు. ఆపరేషన్ అయిపోయింది. నీ మేనకోడలు బుడంకాయ కళ్లు తెరవగానే అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "నా పొట్ట ఎక్కడ పెట్టారు?" అని. నర్సు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. పొట్ట ఉందమ్మా, అందులో పెరిగిన గడ్డ తీశారంతే అంటే, "అయితే చూపించండి" అని ఒకటే పేచీ. తొమ్మిదేళ్లకే దీనికి అన్నీ స్వయంగా తనిఖీ చేసుకోవాలి. అచ్చం నీ పోలికే.

ఇక్కడ పిల్లల కేన్సర్లు చూసే డాక్టరమ్మ ఒక్కతే. ఎంత పొడుగంటే గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వస్తుంది, అందుకని పిల్లలంతా పొడుగమ్మ అంటారు. ఆవిడ నాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మధ్యలో గర్భసంచి, అటొకటి ఇటొకటి అండాశయాలు. గడ్డ కుడివైపు అండాశయంలో వచ్చింది. ఆ అండాశయంతో సహా గడ్డని పగలకుండా తీసేశారు. ఎడమదాన్నీ, గర్భసంచినీ ముట్టుకోలేదు. చిన్నపిల్లల్లో ఇది చాలా అరుదట. "అరుదే గానీ మందులకి లొంగే రకంలాగే కనిపిస్తోంది" అంది. ఖాయంగా చెప్పాలంటే గడ్డ ముక్కల్ని గాజుపలకల మీద పెట్టి ఎక్కడో దూరంగా ఉన్న పెద్ద డాక్టరుకి పంపాలి. అవి చదవగలిగినవాళ్లు ఈ ఊళ్లో లేరు. ఆ పార్శిల్ కట్టిన తీరు నాకు నచ్చలేదు. విప్పి నేనే మళ్లీ దూది పెట్టి కట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. ఎవరికీ చెప్పకు. కేన్సరనీ, గడ్డనీ కాదు, అసలు పొట్ట అనే మాటే ఎత్తకు. ఆ చోటి పేరు మన వీధికి తెలిసిందంటే ఇక దీన్ని జన్మలో వదలరు. రేపు దీన్నెవరు చేసుకుంటారు, పిల్లలు పుడతారా పుట్టరా అని ఇవాళే మొదలుపెడతారు. ఫోనులో నీ గొంతు అటు మూడిళ్లకీ ఇటు మూడిళ్లకీ వినిపిస్తుంది కాబట్టి మనకి ఉత్తరాలే గతి. మీ బావ లారీ ఎలాగూ వారం వారం ఇటు వస్తుంది. ఆయన నోటి నుంచి ఒక్క మాటా జారదు, పెళ్లైన దగ్గర్నుంచి నా దగ్గరే జారలేదు. ఎవరైనా మరీ అడిగితే ఏదో ఒకటి చెప్పు. చిన్నదే చెప్పు.

నేనొచ్చేదాకా నా కుట్టుకొట్టు జాగ్రత్త. బట్టలు కోసే కత్తెరతో కాగితం కోశావో, నేనొచ్చి నీ చెవి కోస్తాను.

అక్క


జూన్ 10

అక్కా,

"బతికింది" దగ్గరే ఆగిపోయి కొట్టులో గంతులేశాను. ఆ సమయానికి ప్యాంటు కొలతలకి వచ్చిన లెక్కల మాస్టారు నా టేపులో చిక్కుకుని ఉన్నారు. పాపం ఆయన కూడా నాతోపాటు గంతేయాల్సి వచ్చింది. దిగాక "ఏమిటోయ్ సంతోషం?" అన్నారు. నువ్వు చిన్నదే చెప్పమన్నావు. నాకు తట్టిన చిన్నది కాలు.

"మా పిల్ల మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది మాస్టారూ, అతుక్కుంటుందన్నారట, అదీ సంతోషం" అన్నాను. అక్కడితో ఆపితే బాగుండేది. ఈలోగా ఎదురింటి పాల మామ్మ వచ్చింది. ఏ కాలు అంది. కుడి అన్నాను. ఎక్కడ అంది. మోకాలి కింద అన్నాను. మోకాలి కిందే అయితే ఇన్నాళ్లు ఆస్పత్రి ఎందుకంది. రెండు చోట్ల అన్నాను. సాయంత్రానికల్లా వీధిలో నాకంటే వాళ్లకే ఆ కాలి గురించి బాగా తెలుసు. వడ్రంగి బాబాయి అప్పటికప్పుడు చంక కింద పెట్టుకునే కర్ర చేసి, పైన మెత్త కూడా కొట్టాడు. ఈ ఉత్తరంతో పాటే బావ లారీలో వస్తోంది. విసిరికొట్టకు, మంచి కర్ర.

కొట్టు సంగతి అడగకు. సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను. నేను టైల్స్ వేసేవాణ్ణి. గోడకీ గోడకీ మధ్య ఎంతుంటే అంతే కోస్తాం. మనిషిని కూడా అలాగే కొలిచి అంతే కోశాను. ఊపిరి పీల్చుకోవడానికి చోటు వదలాలని నువ్వు ముందే చెప్పొద్దూ? మాస్టారు ప్యాంటు వేసుకున్నారు గానీ కూర్చోలేకపోయారు. రోజంతా నిలబడే పాఠం చెప్పారట.

బుడంకాయకి మామయ్య ముద్దులు.

నీ తమ్ముడు


జూన్ 16

ఒరేయ్,

నీ కాలికేమైందిరా?

మీ బావ ఇవాళ చంకలో పెట్టుకునే కర్ర పట్టుకొచ్చి మంచానికి ఆనించి, "పంపారు" అని టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఉత్తరం లేదు. ఎవరు పంపారు, ఎవరికేమైందని వెంటపడి అడిగితే "బాగానే ఉంది" అన్నాడు. ఏది బాగానే ఉంది? కర్ర బాగానే ఉందా, నువ్వు బాగానే ఉన్నావా?

టేపు తీసి ఆ కర్ర కొలిచాను. నీ ఎత్తుకి ఏమాత్రం సరిపోదు. నువ్వు దాని మీద ఆనాలంటే ఒక మనిషిలో సగం తగ్గాలి. ఒరేయ్, రెండు కాళ్లూ పోయాయా? రాళ్లు మోసే చోట జాగ్రత్తగా ఉండమని లక్షసార్లు చెప్పాను. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ఇక్కడ గాజుపలకల కబురు ఇంకా రాలేదు, ఆ బెంగే నాకు తిండి సహించనివ్వడం లేదంటే పైన ఇదొకటి. ఉన్నదున్నట్టు రాయి, దాచకు. దాచేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

అక్క


జూన్ 20

అక్కా,

రెండు కాళ్లూ ఉన్నాయి. రెండిటి మీదా నిలబడే ఈ ఉత్తరం రాస్తున్నాను. పోయిన ఉత్తరం బావ లారీ అద్దం పైన బిల్లుల మధ్య దొరికింది. దీంతో కలిపి పంపుతున్నాను. ముందు అది చదువు, తిట్టు, తర్వాత ఇది చదువు.

దాచేవాళ్లంటే ఒళ్లు మంటా! అలాగే అక్కా. ఆ మాట నీ చేత్తోనే రాసిచ్చావు, భద్రంగా దాచుకుంటాను.

తిట్టడం అయిందా? అయితే ఇంకోటి. నా ప్రమేయం లేకుండా వీధివాళ్లు మన గుమ్మం మెట్లు పగలగొట్టేశారు. పిల్ల మెట్లెక్కలేదుగా, అందుకని మెట్ల బదులు వాలు దారి కడతామన్నారు. ఇసక ఒకరు, సిమెంటు ఒకరు తెచ్చేశారు. వద్దనాలంటే కాలు బాగానే ఉందని చెప్పాలి, అది చెబితే మరి ఆస్పత్రిలో ఏం చేస్తున్నారంటారు. నోరు మూసుకుని నిలబడ్డాను. కానీ వాళ్లు వేసిన వాలు చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది. మేస్త్రీ ఇంటి ముందు ఆ పనేమిటి, నలుగురూ చూస్తే నా పరువేం కావాలి? మొత్తం తవ్వించి నేనే మళ్లీ పోసి, జారని టైల్స్ వేశాను. నా అబద్ధానికి నేనే దారి వేసుకున్నాను. బ్రహ్మాండంగా కుదిరింది, వచ్చి చూద్దువుగాని.

పలకల కబురు తెలియగానే రాయి. పైకి నవ్వుతున్నాను గానీ రోజూ లారీ హారన్ కోసమే చెవులు రిక్కించి కూర్చుంటున్నాను.

నీ తమ్ముడు


జూలై 9

ఒరేయ్ అబద్ధాల మేస్త్రీ,

లొంగే రకమే! కబురొచ్చి పదిరోజులైంది, మందుల హడావిడిలో రాయలేకపోయాను! పొడుగమ్మ ఆ కాగితం పట్టుకుని వరండాలో పరుగెత్తుకొచ్చి గుమ్మానికి తల కొట్టుకుంది. ఆవిడ నుదురు బొప్పి కట్టింది, నేను ఆవిణ్ణి కావలించుకుని ఏడ్చాను, బుడంకాయ ఆవిడకి తడిగుడ్డ వేసింది.

మొత్తం నాలుగు దఫాల మందు. నాలుగిటికీ సరిపడా మందు తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాకే మొదటి చుక్క వేసింది. సగంలో మందు దొరక్క ఆగిపోతే అసలు వేయనట్టేనట. చుక్కల వేగం చూసుకునే యంత్రం వార్డుకంతటికీ ఒక్కటే, కాబట్టి మిగతా మంచాల దగ్గర గడియారం పట్టుకుని తల్లులమే చూస్తాం. మందు మూత్రపిండాలకి పట్టకుండా నీళ్లు ఎక్కిస్తారు, పిల్ల ఎంత పోసిందో జగ్గులో కొలిచి రాయాలి. కొలవడం నాకు కొత్తా? నా అంకెలు చూసి వార్డులో అందరికీ నన్నే కొలవమంటున్నారు. మొదటి దఫా అయిపోయింది. వాంతులు చేసుకుంది, అలిగింది, మళ్లీ లేచింది. గడ్డ రక్తంలోకి వదిలే పదార్థం ఒకటుందట, అది బాగా దిగిందని పరీక్షలో తేలింది.

ఇక నీ నిర్వాకం విను. నీ ఉత్తరాలు బుడంకాయ నా తలగడ కింద నుంచి లాగి చదివేసింది. "నాకు కాలు విరిగిందా! నాకెవరూ చెప్పలేదే!" అని ఎగిరింది. వీధిలో పరువు పోకూడదని ఆ కర్రతో వార్డంతా కుంటడం ప్రాక్టీసు చేసింది. అది చూసి పక్క మంచం వాడికి కర్ర కావాలి, వాణ్ణి చూసి ఎదుటి మంచం పిల్లకి కావాలి. పొడుగమ్మ లోపలికి రాగానే మన పిల్ల కుంటుతూ ఎదురెళ్లింది. ఆవిడ మొహంలో నెత్తుటి చుక్క లేదు. గడ్డ వెన్నుకి పాకిందేమోనని మోకాళ్ల మీద సుత్తితో కొట్టి చూసింది. "ఎప్పట్నుంచి ఈ కుంటుడు?" అంటే, "జూన్ నుంచి" అంది మన బంగారం. వెన్ను ఫోటో తీయించడానికి చీటీ రాస్తూ తలెత్తేసరికి వార్డు వార్డంతా వరసగా కుంటుకుంటూ వస్తోంది. పాపం, నేల మీద కూలబడింది.

అన్నీ చెప్పక తప్పలేదు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఎల్లుండి ఇంటికెళ్తున్నారు. ఒంట్లో తెల్లకణాలు పడిపోయే రోజులివే. ఈ రోజుల్లో జ్వరమొస్తే ఆలస్యం ప్రాణానికే ముప్పు, ఉన్నపళంగా ఇక్కడ ఉండాలి. కాలు విరిగిందనుకుంటున్న వీధిలో, జ్వరానికి బండి ఎవరిస్తారమ్మా?" అంది. మీ బావ లారీ ఉందిగా అన్నాను.

కుడి మోకాలికి కట్టు కట్టి తీసుకొస్తాను. నువ్వు కూడా కుడికాలనే గుర్తుంచుకో. జుట్టు రాలుతుందట, దానికి టోపీలు కుట్టిపెట్టాను. ఎండ అని చెబుదాం.

అక్క


జూలై 16

అక్కా,

నేను బావతో లారీలో వెళ్లి గుండీలూ దారాలూ కొనుక్కుని వచ్చేసరికి ఇంటికి తాళం, వీధికి కోపం. ఏం జరిగిందో నాకు ఒకేసారి పదిమంది చెప్పారు. ఎవరి గొంతుతో వాళ్లు అరుస్తుంటే నాకు అర్థమైనది ఇది.

మధ్యాహ్నం పిల్లని భుజాన వేసుకుని, కాళ్లకి చెప్పులైనా లేకుండా బయటికి వచ్చావట. ఒళ్లు కాలిపోతోందన్నావట. పాల మామ్మ, "కాలు అతుక్కునేటప్పుడు ఒళ్లు వెచ్చబడుతుందిలే, తడిగుడ్డ వేసి పడుకోబెట్టు" అందట. అప్పుడు నువ్వు నడివీధిలో నిలబడి అరిచావట. "కాలు కాదు! కాలు విరగనే లేదు! అండాశయంలో కేన్సర్! మందులు పడ్డాయి, జ్వరమొస్తే చచ్చిపోతుంది, ఎవరైనా బండి తీయండి!" అని. వీధి చివర టీ బండి దాకా వినపడిందట. నా గొంతు పెద్దదంటావు!

మామ్మ కొడుకు పాలవ్యాన్‌లోంచి క్యాన్లన్నీ రోడ్డు మీదే దింపేశాడు. వడ్రంగి బాబాయి ఇంట్లో పరుపు తెచ్చి వెనక వేశాడు. మాస్టారు ముందు సీట్లో ఎక్కి ఆస్పత్రి దాకా హారన్ మీంచి చెయ్యి తీయలేదట.

నువ్వెళ్లాక నన్ను పట్టుకున్నారు. మన గుమ్మం ముందు, నేను వేసిన వాలు మీదే, నన్ను నిలబెట్టి అడిగారు. నేను సిద్ధంగానే ఉన్నాను, పెళ్లీ పిల్లలూ అంటారని. ఆ ఊసే రాలేదు. గొడవంతా కాలు గురించే! "అయిదు వారాలు ఆ పిల్ల కాలు తలుచుకుని తలుచుకుని పొయ్యి మీద పాలు పొంగబెట్టుకున్నానురా! తలుచుకోవాల్సింది పొట్టనని చెబితే పొట్టనే తలుచుకునేదాన్ని కదా!" అని మామ్మ చీపురు ఎత్తింది. బాబాయి కర్ర తిరిగిచ్చేయమన్నాడు. మూల నుంచి ఎవరో, రేపు ఆ పిల్లకి సంబంధాలు కష్టమే అని గొణిగారు. మామ్మ చీపురు అటు తిప్పింది.

అదంతా సరే. పిల్ల ఎలా ఉంది? బావ ఆస్పత్రికి వచ్చి చూసి, తిరిగొచ్చి, "బాగానే ఉంది" అన్నాడు. ఈ మనిషి ఆ కర్ర గురించి కూడా అదే అన్నాడు. నేను నమ్మను. నువ్వు రాయి. ఒక్క ముక్క రాయి. నేను కొట్టు తెరవలేదు.

తమ్ముడు


జూలై 19

ఒరేయ్ నాన్నా,

జ్వరం దిగింది. కొట్టు తెరువు.

రెండు రోజులు పిల్ల పిల్లలా లేదు. పిలిస్తే పలకలేదు. సూదిమందులు పడుతూనే ఉన్నాయి. పొడుగమ్మ ఇంటికి వెళ్లకుండా మా మంచం పక్క కుర్చీలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే దక్కేది కాదంది. నిన్న పొద్దున కళ్లు తెరిచి, "మాస్టారు హారన్ కొట్టడం ఆపారా?" అంది. అప్పుడు ఏడ్చాను.

నేను అరిచానా? ఒట్టు, నాకు గుర్తులేదు. డాక్టర్ల ముందు కూడా "ఆ చోట" అని నసిగినదాన్ని, ఆ మాట నా నోట ఎలా వచ్చిందో. కాళ్లకి చెప్పులు లేవని ఇక్కడికొచ్చాక చూసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ వీధిలో మళ్లీ తలెత్తుకుని ఎలా నడవను? రెండో దఫా కాస్త వెనక్కి జరిపారు. ఆ తర్వాత ఇంటికి పంపుతామంటే వద్దన్నాను, ఇక్కడే ఉంటాం.

అక్క


జూలై 28

అక్కా,

తలెత్తుకుని నడవలేవన్నది నిజమే, అడుగడుగునా ఆపి నీకు జాగ్రత్తలు చెబుతారు.

మాస్టారు నల్లబల్ల మీద అండాశయాల బొమ్మ గీసి క్లాసు క్లాసంతటికీ పాఠం చెప్పారు. మామ్మకి "అండాశయం" అని నోరు తిరగక ముందు రెండు రోజులు తంటాలు పడింది, ఇప్పుడు పాలు పోస్తూ ఇంటింటా అదే మాట. నేను రోడ్డు మీదికి వెళ్తే చాలు, ఎవరో ఒకరు "ఎడమది ఎలా ఉందోయ్?" అంటారు. వీధి వీధంతా నా మేనకోడలి ఎడమ అండాశయం క్షేమం అడుగుతుంటే నేను సైకిల్ దిగి మరీ జవాబు చెబుతున్నాను. మూడిళ్లలో జ్వరం చూసే గాజుగొట్టం కొన్నారు. బావ లారీ లేని రోజు ఏ బండి సిద్ధంగా ఉండాలో వాళ్లలో వాళ్లే పంచుకున్నారు. కర్ర కూడా తిరిగి అక్కర్లేదట, ఆస్పత్రిలో ఎవరికైనా ఇవ్వమన్నాడు బాబాయి.

నన్ను మాత్రం ఇంకా క్షమించలేదు. టీ కొట్టులో నా గ్లాసు బల్ల చివర పెడుతున్నారు. ఇంటికి రండి అక్కా, మీరొస్తే నన్ను వదిలేస్తారు.

నీ తమ్ముడు


సెప్టెంబరు 21

ఒరేయ్ మేస్త్రీ,

అయిపోయింది! నాలుగో దఫా కూడా అయిపోయింది! రక్తంలో ఆ పదార్థం మామూలుకి వచ్చేసింది, కడుపు స్కాన్‌లో ఏమీ లేదు, మందు దెబ్బ చెవులకి తగలొచ్చన్నారు గానీ అవీ బాగానే వినిపిస్తున్నాయి. ఇక కొన్నేళ్లపాటు వచ్చి చూపించుకుంటూ ఉండాలి, అంతే. బుడంకాయ గుండు ఇప్పుడు నేరేడుపండులా మెరుస్తోంది. టోపీలన్నీ పంచేసింది. పొడుగమ్మని వార్డంతా వింటుండగా, "నాకు పిల్లలు పుడతారా?" అని అడిగింది. "ఒకటున్నా చాలు, పుట్టొచ్చు" అంది ఆవిడ. "పుట్టొచ్చు అంటే, నాకొద్దంటే మానేయొచ్చా?" అంది. మానేయొచ్చట. సరేనని ఆడుకోవడానికి పోయింది. శుక్రవారం వస్తున్నాం. రాగానే ఆ మాస్టారి ప్యాంటు విప్పి కుడతాను.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. నిన్న వరండా బల్ల మీద ఒకావిడ, పక్కన పదమూడేళ్లుంటాయేమో ఒక పిల్ల. మిట్టమధ్యాహ్నం ఆ పిల్లకి దుప్పటి కప్పి ఉంది. ఏమైందని నర్సు అడిగితే "గ్యాసు" అంది ఆవిడ. దుప్పటి కాస్త జారింది. నా కళ్లు కుట్టు మీదికి పోయాయి, అది నాకున్న రోగం. గౌను పక్క కుట్లు విప్పి వెడల్పు చేసి మళ్లీ వేశారు. పాత సూది బెజ్జాలు ఇంకా కనిపిస్తున్నాయి. చేతులు చూస్తే పుల్లలు. నడుము దగ్గరే విప్పారు.

వెళ్లి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ నా చెవిలో, "ఆ పరీక్ష చేయించాం. కడుపే అని వచ్చింది. ఎవరని కొట్టి అడిగినా చెప్పడం లేదు. వాళ్ల నాన్న దీని మొహం చూడటం మానేశాడు" అంది. పిల్ల నేలకేసి చూస్తూనే, "నేనేం చేయలేదు" అంది. ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో, గొంతులో జీవం లేదు. ఈ గడ్డల్లో కొన్ని, కడుపు లేకపోయినా ఉన్నట్టు చూపించి ఆ పరీక్షని కూడా మోసం చేస్తాయని పొడుగమ్మ నాకు బొమ్మ గీసినప్పుడే చెప్పింది.

నేను తల్లితో మాట్లాడలేదు. పిల్లతోనే అన్నాను. "నువ్వేం చేయలేదని నేను నమ్ముతున్నాను. నీకున్నది ఏమిటో లోపల డాక్టరమ్మ చూసి చెబుతుంది. మా అమ్మాయికి అండాశయంలో గడ్డ వచ్చింది. నేనూ దాని స్కర్టు నడుము రెండుసార్లు విప్పి కుట్టాను, ఒళ్లు చేస్తోందని మురిసిపోతూ." మామూలు గొంతుతోనే అన్నాననుకున్నాను, వరండాలో అందరూ ఇటు తిరిగారు. తిరగనీ.

ఆవిడ, "మీ అమ్మాయి ఇప్పుడు..." అని, ఆపైన అడగలేకపోయింది.

సరిగ్గా అప్పుడే మన బంగారం గుండుతో, ఎవరిదో జగ్గు నెత్తిన బోర్లించుకుని, వెనక నర్సు తరుముతుంటే మా ముందు నుంచి రయ్యిమని పోయింది. "అదుగో" అన్నాను.

ఆ పిల్ల తలెత్తి, అది మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా చూసింది. తర్వాత దుప్పటి తనే తీసేసి, మడత పెట్టి, వాళ్లమ్మ ఒళ్లో పెట్టి, డాక్టరమ్మ గదిలోకి ఒక్కతే నడిచి వెళ్లింది.

అక్క